జాగ్రత్తలు చెప్పింది చాలు, రక్త పరీక్ష చేయండి!

పత్తికి పచ్చదోమ తగిలింది. మిర్చికి తామర పురుగు పట్టింది. వాన తెరిపిచ్చిన ప్రతి ఉదయం చేలల్లో పంపుల మోత మొదలవుతుంది. ఈ నెలల్లోనే వ్యవసాయ శాఖ కరపత్రాలు కూడా ఊళ్లలోకి వస్తాయి. చేతులకు తొడుగులు వేసుకోండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, గాలికి ఎదురుగా కొట్టకండి, మధ్యలో బీడీ ముట్టించకండి అని వాటిలో ఉంటుంది. అన్నీ మంచి మాటలే. మా సభల్లో మేమూ అవే చెబుతున్నాం. కానీ ఒక మాట మాత్రం ఆ కరపత్రాల్లో మాకు ఎన్నడూ కనబడలేదు. మందు కొట్టే మనిషి నరాలు ఏ స్థితిలో ఉన్నాయో ఒక రక్త పరీక్ష చెబుతుంది, ఫలానా రోజున మీ ఆరోగ్య కేంద్రంలో ఆ పరీక్ష చేస్తాం, రండి అన్న మాట.

అది ఎందుకు లేదన్నదే ఈ నెల మా ప్రశ్న.

పోయిన సీజన్‌లో మా మండల కమిటీ సమావేశానికి ఒక కౌలు రైతు వచ్చాడు. అప్పటికి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరి వారం కూడా కాలేదు. "అన్నా, పదిసార్లు కొట్టిన. ఏం కాలే. ఒంటికి అలవాటైంది అనుకున్న. పదకొండోసారి రెండో పంపు గూడ ఒడవలే, కండ్లు మసకలు కమ్మినయి, నోట్లె నీళ్లూరినయి, కాళ్లు వణికినయి. అదే మందు, అదే పంపు. అప్పుడు కానిది ఇప్పుడెందుకైంది?" అని అడిగాడు. ఆసుపత్రిలో అతన్ని అడిగింది మాత్రం "మాస్కు ఎందుకు కట్టుకోలేదు?" అని. ఊళ్లోనూ అదే అడిగారు. అతని ప్రశ్నకు ఆ రోజు మా దగ్గర కూడా జవాబు లేదు. పంటల గురించి, ధరల గురించి, అప్పుల గురించి లెక్కలతో మాట్లాడే మేము, చేతిలో పంపు పట్టిన మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకోలేదు. అది మా లోపమే, ఒప్పుకుంటున్నాం. తర్వాత తెలుసుకున్నాం. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

నరం మాట ఎలా చేరుతుంది?

మెదడు నుంచి చేతి వేలి దాకా ఒకే తీగ ఉండదు. నరాల కణాలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, వాటి మధ్య కంటికి కనబడని సన్నని సందు ఉంటుంది. నరానికీ కండకూ మధ్య కూడా అలాంటి సందే. నరం వెంట కరెంటులా వచ్చిన సంకేతం ఆ సందు దగ్గర ఆగిపోతుంది. అక్కడ నరం కొస ఒక రసాయనాన్ని వదులుతుంది. అది సందు దాటి అవతలి కణాన్ని తాకితే కండ బిగుస్తుంది, గ్రంథి ఊరుతుంది, లేదా గుండె నెమ్మదిస్తుంది.

దీన్ని మొదట నిరూపించిన వాడు ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో పనిచేసిన ఆటో లోవీ. 1921లో ఆయన రెండు కప్పల గుండెలు తీసుకున్నాడు. మొదటి గుండెకు వచ్చే నరాన్ని కరెంటుతో ప్రేరేపిస్తే అది నెమ్మదించింది. ఆ గుండెను ముంచిన నీటిని తీసి రెండో గుండెకు ఇస్తే, ఏ నరమూ తాకకుండానే అది కూడా నెమ్మదించింది. అంటే నరం మాట ద్రవంలో కరిగి ఉంది. ఆ రసాయనం పేరు ఎసిటైల్‌కొలీన్.

మాట చేరితే సరిపోదు, చేరిన మాట వెంటనే ఆగాలి కూడా. చెరువు తూము ఎత్తి మడి తడిపిన నీరటి, తడి చాలగానే తూము దించుతాడు. దించకపోతే అదే నీరు పంటను ముంచుతుంది. నరాల సందుల్లో ఆ నీరటి పని చేసేది కొలీన్‌ఎస్టరేజ్ అనే ఎంజైము. వచ్చిన ఎసిటైల్‌కొలీన్‌ను రెప్పపాటు కంటే తక్కువ సమయంలో ముక్కలు చేసి తుడిచేస్తుంది. మనం చేయి బిగించి వెంటనే వదలగలుగుతున్నామంటే, ఊపిరి పీల్చి విడవగలుగుతున్నామంటే ఈ ఎంజైము పని చేస్తున్నందుకే.

మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, క్వినాల్‌ఫాస్, డైమిథోయేట్, ఎసిఫేట్ — మన చేలల్లో తెలిసిన ఈ పేర్లన్నీ ఆర్గానోఫాస్ఫేట్ జాతి. ఈ మందులు ఒంట్లోకి చేరాక నీరటి చేతులు కట్టేస్తాయి. తూము దించేవాడు ఉండడు. ఎసిటైల్‌కొలీన్ పోగుపడుతుంది. కంటిపాప సూదిమొనంత అవుతుంది. నోట్లో చొంగ, కళ్లలో నీళ్లు, ఒళ్లంతా చెమట, కడుపులో నొప్పి, విరేచనం. తర్వాత కండలు తమంతట తాము అదురుతాయి, అలసి పడిపోతాయి. చివరికి ఊపిరి తీసే కండలు కూడా. పురుగు చచ్చేది ఇలాగే, మనిషి చచ్చేదీ ఇలాగే. పురుగు నరంలోనూ మన నరంలోనూ ఉన్నది అదే రసాయనం, అదే ఎంజైము. మందుకు ఆ రెండింటికీ తేడా తెలియదు.

ఈ సంగతి కంపెనీలకు కొత్తది కాదు. లోవీకి నోబెల్ బహుమతి వచ్చింది 1936లో. అదే ఏడాది డిసెంబర్‌లో జర్మనీలో ఐ.జి. ఫార్బెన్ కంపెనీ రసాయనవేత్త గెర్హార్డ్ ష్రాడర్ కొత్త పురుగుమందు కోసం వెతుకుతూ టాబున్ అనే పదార్థాన్ని తయారు చేశాడు. దాని ఆవిరి కొద్దిగా సోకితేనే మనుషులు పడిపోయేంత విషం అది. పురుగుమందు కావాల్సింది యుద్ధ సైన్యం చేతికి పోయింది. 1938లో సారిన్ వచ్చింది. 1995లో టోక్యో మెట్రో రైళ్లలో చల్లింది ఈ సారిన్‌నే. మన వీపున మోసే పంపులో ఉన్నది సారిన్ కాదు, అంత తీవ్రత కూడా దానికి లేదు. కానీ అదే కుటుంబం, ఒంట్లో పట్టే దారి కూడా అదే.

పదకొండోసారి ఎందుకైంది?

మా కౌలు రైతు ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. కట్టుబడిన ఎంజైము తొందరగా కోలుకోదు. ఒళ్లు కొత్త ఎంజైమును తయారు చేసుకోవాలి. ఎర్ర రక్తకణాల మీద కూడా ఇదే ఎంజైము ఉంటుంది కాబట్టి రక్తంలో దాన్ని కొలవవచ్చు. అక్కడ అది తిరిగి పెరిగేది రోజుకు సుమారు 1 శాతం.

ఒక లెక్క వేసి చూద్దాం. మందు కొట్టని రోజుల్లో మీ ఎంజైము 100 అనుకుందాం. ఒక్కో పిచికారీకి 15 పోతుందనుకుందాం, వారానికోసారి కొడతారనుకుందాం. మొదటిసారి 85కు దిగుతుంది, వారంలో 92కు వస్తుంది. రెండోసారి 77, మళ్లీ 84. మూడోసారి 69, మళ్లీ 76. నాలుగోసారి 61, మళ్లీ 68. అయిదోసారి 53. ఇన్నాళ్లూ మీకు పెద్దగా ఏమీ అనిపించదు. కాస్త తలనొప్పి, కాస్త నీరసం, రాత్రి నిద్ర పట్టకపోవడం, అంతే. ఎండ దెబ్బ అనుకుంటారు. సగం కంటే కిందికి జారాక మాత్రం మామూలు మోతాదే పడగొడుతుంది.

అలవాటైందని మనం అనుకున్నది అలవాటు కాదు. అప్పు పెరుగుతుంటే వడ్డీ వ్యాపారి నోరు మెదపకుండా కూర్చున్నట్టు, లోపల లెక్క పేరుకుపోతోంది. పదకొండో పిచికారీ చేసిన తప్పు ఒక్కటే కాదు, ముందటి పది కూడా అందులో ఉన్నాయి. ఆ లెక్క బయటికి కనబడాలంటే ఒకటే దారి, రక్త పరీక్ష.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1974 నుంచి ఈ పని చేయిస్తోంది. అక్కడ తీవ్రమైన ఆర్గానోఫాస్ఫేట్ మందులు కలిపే, కొట్టే కూలీలకు సీజన్‌కు ముందే రక్తంలో ఎంజైము ఎంత ఉందో కొలిచి రాసుకోవాలి. తర్వాత విడతలవారీగా కొలుస్తూ ఉండాలి. ఎవరి అంకె అయినా 80 శాతం కంటే పడితే పని ఎలా జరుగుతోందో విచారించాలి. ఎర్ర కణాల ఎంజైము 70 శాతానికి పడితే ఆ మనిషిని మందు పని నుంచి తప్పించాలి. ఖర్చు యజమానిదే. పైన మనం వేసిన లెక్కలో అంకె 69కి పడింది మూడో పిచికారీకి. అక్కడైతే మూడోసారికే ఆపేవారు. ఇక్కడ పదకొండోసారి అంబులెన్సు వచ్చింది.

చట్టంలో ఉంది, ఊళ్లో లేదు

అది ధనిక దేశం, అక్కడి సంగతి వేరు అంటారేమో. కాబట్టి మన చట్టమే చూద్దాం. మన దేశంలో 1968 నాటి పురుగుమందుల చట్టం, దాని కింద 1971 నాటి నియమాలు ఉన్నాయి. 37వ నియమం ఏమంటోంది? పురుగుమందుల తయారీలో ఉన్నవారికి, పిచికారీ పనిలో ఉన్నవారికి వైద్య పరీక్షలు చేయాలంటోంది. ఆ మందు ఆర్గానోఫాస్ఫేట్ గానీ కార్బమేట్ గానీ అయితే, తయారీ యూనిట్లలో పనిచేసే వారందరి రక్తంలో కొలీన్‌ఎస్టరేజ్‌ను కనీసం నెలకోసారి కొలవాలంటోంది. 41వ నియమం తయారీదారులు, పంపిణీదారులు విరుగుడు మందులు తగినంత నిల్వ ఉంచాలంటోంది. చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం పురుగుమందు సోకిన ప్రతి సంఘటననూ నివేదించాలని రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించవచ్చు.

అర్ధ శతాబ్దం దాటింది. పాఠకులారా, మీలో ఎంతమందికి ఈ పరీక్ష జరిగింది? మా సభ్యులను అడుగుతూ వచ్చాం. ఇప్పటిదాకా ఒక్క చేయి లేవలేదు. పరీక్ష పేరు విన్నవాళ్లు కూడా లేరు.

నియమం పనిలో పెట్టుకున్న యజమాని గురించి కదా, సొంత చేలో కొట్టుకునే రైతుకు యజమాని ఎవరు అని అధికారులు వాదించవచ్చు. అసలు కిటుకు అక్కడే ఉంది. ఫ్యాక్టరీలో డబ్బాలు నింపే కార్మికుడి నరాలకు ఒక నియమం రాశారు, ఆ డబ్బా విప్పి వీపున మోసే సన్నకారు రైతు, కౌలు రైతు, కూలీల నరాలకు దిక్కు లేకుండా వదిలేశారు. మందు అదే, నరం అదే. కూలికి మందు కొట్టేవాడు సీజన్‌లో ఈ రోజు ఒక చేలో, రేపు ఇంకో చేలో కొడతాడు. అందరికంటే ఎక్కువ సోకేది అతనికే. బిందెలతో నీళ్లు తెచ్చి మందు కలిపి పంపు నింపేది ఆడవాళ్లు. ఇంటికొచ్చి ఆ బట్టలు ఉతికేదీ వాళ్లే. ఏ రిజిస్టరులోనూ వాళ్ల పేరు ఉండదు.

2003లో మన దేశంలోని మూడు పత్తి గ్రామాల్లో, పిచికారీ తర్వాత తమకూ తమ ఇంటి మగవాళ్లకూ ఏమైందో మహిళా రైతులే నమోదు చేసిన అధ్యయనం ఒకటి జరిగింది. 323 సంఘటనలు రాశారు. వాటిలో 6 శాతం తీవ్రమైనవి. ఆ తీవ్రమైన వాటిలో కూడా ఒక్కరూ ఆసుపత్రికి వెళ్లలేదు. ఇంట్లో పడుకుని కోలుకున్న మనిషి ఏ లెక్కలోకీ రాడు. ప్రభుత్వ అంకెల్లో మన చేలు అంత క్షేమంగా కనబడేది అందుకే.

"రైతు అజాగ్రత్త" అన్న మాట

2017లో మహారాష్ట్రలోని యావత్‌మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. అప్పుడూ వినబడిన మాట రైతులు జాగ్రత్తలు పాటించలేదనే. ఈ మాటకు మా జవాబు సూటిగా చెబుతాం.

పిచికారీలో విషం ఎక్కువగా ఎక్కేది ముక్కు గుండా కాదు, చర్మం గుండా. కారే పంపు వీపును తడుపుతుంది, నడుమెత్తు పత్తి తొడలను తడుపుతుంది. ముక్కుకు కట్టిన తువ్వాలు దాన్ని ఆపలేదు. నీరు చొరని నిండు దుస్తులు ఆపుతాయి, నిజమే. కానీ సెప్టెంబర్ ఉక్కపోతలో వాటిని తొడుక్కుని ఇరవై పంపులు కొట్టి చూపమని కరపత్రం రాసిన వారిని మేము ఆహ్వానిస్తున్నాం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పురుగుమందుల ప్రవర్తనా నియమావళి ఈ విషయం ఒప్పుకుంది. అసౌకర్యమైన, ఖరీదైన, దొరకని రక్షణ దుస్తులు తప్పనిసరయ్యే మందులను, ముఖ్యంగా వేడి ప్రాంతాల చిన్న రైతుల విషయంలో, మానుకోవాలని అది చెబుతోంది. అంటే తప్పు దుస్తులు తొడుక్కోని రైతుది కాదు. ఆ దుస్తులు లేకుండా కొట్టలేని మందును ఈ ఎండల దేశంలో అమ్మనిచ్చిన వారిది.

అమ్మనిచ్చింది ఎవరు? మోనోక్రోటోఫాస్‌ను 2005లో కూరగాయల మీద నిషేధించి, పత్తి మీద వదిలేశారు. 2013 జూలైలో బీహార్‌లోని సారన్ జిల్లాలో అదే మందు కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు చనిపోయారు. 2020 మేలో 27 మందులను నిషేధిస్తామని కేంద్రం ముసాయిదా ప్రకటించింది. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, క్వినాల్‌ఫాస్, డైమిథోయేట్, ఎసిఫేట్ అన్నీ అందులో ఉన్నాయి. 2023లో వచ్చిన ఉత్తర్వులో పూర్తి నిషేధం పడింది మూడింటికి. 36 శాతం మోనోక్రోటోఫాస్‌ను కూడా ఆపమన్నారు, కానీ ఉన్న సరుకు అమ్ముకోవడానికి గడువిచ్చారు. గోదాములో సరుకుకు గడువు దొరికింది. మందు కొట్టే మనిషి నరాలకు ఎవరు గడువిచ్చారు?

నిషేధిస్తే పంట పోతుందని భయపెడతారు. శ్రీలంక 1995లో మోనోక్రోటోఫాస్ సహా అత్యంత విషపూరితమైన మందులను ఆపేసింది. పదేళ్లలో అక్కడ ఆత్మహత్య మరణాల రేటు సగానికి పడింది. నిషేధం వల్ల దిగుబడి పడిన దాఖలా కనబడలేదు. అంత దూరం ఎందుకు, మన పాల్వంచ దగ్గరి పునుకుల గ్రామం ఇరవై ఏళ్ల కిందటే పురుగుమందులు వాడని ఊరుగా ప్రకటించుకుంది. పత్తి పండించే ఊరే అది.

ఒక మాట మేము దాచం. ఈ రక్త పరీక్ష అన్ని విషాలనూ పట్టదు. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులనే పడుతుంది. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి, సైపర్‌మెత్రిన్ లాంటివి కూడా నరాల మీదే పనిచేస్తాయి, కానీ వేరే దారుల్లో. పారాక్వాట్ గడ్డిమందు ఊపిరితిత్తులను తింటుంది. కాబట్టి పరీక్ష ఒక్కటే చాలదు. కానీ కొలవగలిగిన దాన్ని కూడా కొలవని ప్రభుత్వం కొలవలేని దాన్ని చూసుకుంటుందని ఎలా నమ్మాలి?

సమయం గురించి కూడా ఒక హెచ్చరిక. మందు సోకిన మనిషికి అట్రోపిన్ ఇస్తే చొంగ, గుండె మందగించడం అదుపులోకి వస్తాయి, కానీ కండల బలహీనతకు అది పనిచేయదు. ఎంజైము కట్లు విప్పడానికి ప్రాలిడాక్సిమ్ అనే వేరే మందు ఉంది. మోనోక్రోటోఫాస్ లాంటి వాటిలో కొన్ని గంటలు గడిస్తే ఆ ముడి బిగుసుకుపోతుంది, తర్వాత విప్పడం సాధ్యం కాదు. అందుకే విరుగుడు వంద కిలోమీటర్ల అవతల జిల్లా కేంద్రంలో ఉంటే చాలదు. మీ వంతుగా మీరు చేయాల్సింది: తడిసిన బట్టలు వెంటనే విప్పండి, సబ్బుతో ఒళ్లంతా కడగండి, డబ్బా వెంట పెట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

మా డిమాండ్లు

1. పత్తి, మిర్చి పండే ప్రతి మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ద్వారా కొలీన్‌ఎస్టరేజ్ పరీక్షలు ఉచితంగా చేయాలి. పిచికారీలు మొదలు కాకముందు ఒకసారి, సీజన్‌లో నెలకోసారి. అంకె పడిన వారికి రాతపూర్వకంగా చెప్పాలి.

2. 37వ నియమం సొంత చేలో కొట్టుకునే రైతుకు, కౌలు రైతుకు, కూలీకి, మందు కలిపే మహిళలకు వర్తిస్తుందని స్పష్టంగా ఉత్తర్వు ఇవ్వాలి. ఖర్చును మందుల కంపెనీల నుంచి వసూలు చేయాలి.

3. అంకె పడి పని మానాల్సి వచ్చిన కూలీకి ఆ రోజుల కూలి పరిహారంగా ఇవ్వాలి. లేకపోతే పరీక్ష అతని కడుపు మీద కొట్టినట్టే.

4. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ సీజన్ పొడవునా నిల్వ ఉండాలి.

5. 26వ సెక్షన్ కింద రెండు తెలుగు రాష్ట్రాలూ ఉత్తర్వు ఇచ్చి, మందు సోకిన ప్రతి కేసునూ నమోదు చేసి ప్రతి ఏటా ప్రకటించాలి.

6. 2020 ముసాయిదాలోని ఆర్గానోఫాస్ఫేట్లను దశలవారీగా ఆపి, ఆ మేరకు రైతుకు ప్రత్యామ్నాయాలు, శిక్షణ, నష్టానికి భరోసా ఇవ్వాలి.

రైతు సోదరులారా, సోదరీమణులారా! వచ్చే నెల మండల వైద్యాధికారులకు ఈ డిమాండ్లతో వినతిపత్రాలు ఇస్తున్నాం. ప్రతి గ్రామ కమిటీ తమ ఊళ్లో మందు కొట్టేవారి జాబితా, కలిపేవారి జాబితా తయారు చేసి తేవాలి. ఆడవాళ్ల పేర్లు మర్చిపోవద్దు. పరీక్ష ఎప్పుడు చేస్తారో తేదీ చెప్పే దాకా అక్కడినుంచి కదలొద్దు.

మన భూసారం కొలిచి కార్డు ఇచ్చారు. మన పత్తిలో తేమ కొలిచి ధర కోశారు. ఇక మన రక్తం కొలిచి, మన నరాల్లో ఇంకెంత మిగిలిందో చెప్పమంటున్నాం.